పేరంటాల కనమ: బలి, త్యాగం – గ్రీకు, యూదు కథల వెలుగులో కొల్లేటి ఐతిహ్యం

వ్యాససంగ్రహం

కొల్లేటికోట రక్షణార్థం ఒక సేనాని తన కుమార్తెను బలి ఇచ్చాడని చెప్పే ఐతిహ్యాన్ని గ్రీకు విషాదనాటకాల్లోని ఇఫిజెనియా, ఎరెక్థియస్ కుమార్తెల కథలతోను, హీబ్రూ బైబిలులోని యెఫ్తా కుమార్తె కథతోను పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. గ్రీకు నాటకం కన్య మరణాన్ని పౌరధర్మంగా మలచడానికి ఆమె అంగీకారాన్ని ఆధారం చేసుకుంటుంది. యూదు సంప్రదాయం ఆ మరణాన్ని విలాపంగా నిలిపి, తండ్రిని తప్పుపడుతుంది. కొల్లేటి ఐతిహ్యం ఆమె అంగీకారాన్నీ చెప్పదు, తండ్రి తప్పునూ చెప్పదు. 'పేరంటాలు' అన్న ఒక్క మాటతో ఆమెను స్త్రీల లోకంలోకి తీసుకుంటుంది. ఈ పోలిక ఆధారంగా, తెలుగు విమర్శలో 'బలి'ని 'త్యాగం'గా చదివే అలవాటును పునఃపరిశీలించవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పేరంటాలు, బలి, త్యాగం, పౌరధర్మం, ఇఫిజెనియా, యెఫ్తా, ముసలమ్మ మరణము, సమ్మక్క.

1. ఉపోద్ఘాతం

రాజ్యానికి, ఇంటికి మధ్య సంఘర్షణ ఏర్పడినపుడు మనిషి దేనిపక్షం వహించాలన్న ప్రశ్న ప్రాచీనసాహిత్యాలన్నింటిలోనూ ఉన్నదే. పాశ్చాత్యవిమర్శలో ఈ ప్రశ్నను ఏథెన్సు, యెరూషలేముల పేర చర్చించడం పరిపాటి. ఏథెన్సు పౌరునికి నగరమే పరమార్థమని, యూదునికి దైవాజ్ఞ, పితృపరంపర, కుటుంబం ముఖ్యమని స్థూలంగా చెబుతారు. ఈ విభజనలో కొంత నిజం లేకపోలేదు. కాని ఒక తండ్రి సమష్టి క్షేమం కోసం సొంతబిడ్డను చంపవలసి వచ్చిన సందర్భంలో ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో చూడాలి. అటువంటి సందర్భమే కొల్లేటి ఐతిహ్యంలో ఉంది. ఆ ఐతిహ్యాన్ని ఈ రెండు సంప్రదాయాల పక్కన పెట్టి చదివితే మూడింటి స్వభావమూ స్పష్టపడుతుంది.

2. ఐతిహ్య స్వరూపం

కొల్లేరును గూర్చిన రచనల్లో తరచు కనిపించే ఐతిహ్యం ఇది. కొల్లేటి లంకల్లో ఒకటైన కొల్లేటికోటలో ఒరిస్సా గజపతుల దుర్గం ఉండేది. శత్రుసేనాని సరస్సు ఒడ్డున చిగురుకోటలో విడిసి, దుర్గాన్ని పట్టలేక, కొల్లేటి నీటిని సముద్రంలోకి వదిలివేయడానికి కాలువ తవ్వించాడు. అదే నేటి ఉప్పుటేరు. నీరు తీస్తే కోటకు రక్షణ లేదు. అప్పుడు ఒడ్ర సేనాని దేవతలను ప్రసన్నం చేసుకొని విజయం పొందడానికి తన కుమార్తెను బలి ఇచ్చాడు. అందువల్ల ఆ కాలువకు 'పేరంటాల కనమ' అన్న పేరు వచ్చింది.

ఐతిహ్యాన్ని చరిత్రగా నిరూపించడం ఇక్కడ ఉద్దేశం కాదు. తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరులు తెచ్చే నీరు కొల్లేటి నుంచి సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే మార్గం. బతుకుతెరువుకు అంత ముఖ్యమైన నీటిదారిని జనం ఒక ఆడపిల్ల మరణంతో ఎందుకు ముడిపెట్టారన్నది సాహిత్యవిద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న.

కథ నిర్మాణంలో మూడు అంశాలు గమనింపదగినవి. మొదటిది, కాలువ తవ్వించినవాడు శత్రువు. బలి ఇచ్చినవాడు కోటను కాచేవాడు. కాని కాలువకు నిలిచిన పేరు ఆ ఇద్దరిదీ కాదు. రెండవది, బలి ఫలించిందో లేదో, కోట నిలిచిందో లేదో ఈ సంక్షిప్త కథనం చెప్పదు. మూడవది, ఆ కుమార్తెకు సొంతపేరు లేదు. 'పేరంటాలు' సామాన్యనామమే. 'కనమ' అంటే కనుమ, ఇరుకైన దారి. సేనాని పేరు, విజయవార్త, కన్య పేరు మూడూ మరుగున పడి, ఆమె స్థితిని తెలిపే మాట మాత్రమే నీటిదారికి అంటిపెట్టుకొని మిగిలింది.

3. గ్రీకు పౌరధర్మం: అంగీకారమనే సమస్య

ఏథెన్సు పౌరధర్మానికి ప్రసిద్ధమైన ప్రకటన థుసిడిడీస్ చరిత్రలోని పెరిక్లీస్ సంస్మరణోపన్యాసం. క్రీ.పూ. 431లో ఆరంభమైన యుద్ధంలో మొదటి ఏడాది మరణించినవారిని ఉద్దేశించి చేసిన ప్రసంగమది. కొడుకులను పోగొట్టుకున్న తల్లిదండ్రుల్లో వయసున్నవారు మరల సంతానం పొందాలని, దానివల్ల ఇంటి వెలితి తీరడమే కాక నగరానికీ బలం చేకూరుతుందని పెరిక్లీస్ అక్కడ సూచిస్తాడు. సంతానం ఇంటిది మాత్రమే కాదు, నగరానిది కూడా అన్న భావన ఆ ఓదార్పులోనే ఉంది.

ఈ భావనకు పరాకాష్ఠ యురిపిడీస్ 'ఎరెక్థియస్' నాటకం. నాటకం పూర్తిగా దొరకలేదు. అయితే అందులో రాణి ప్రాక్సితియా చేసిన దీర్ఘప్రసంగం ఒకటి క్రీ.పూ. 330లో లైకర్గస్ అనే వక్త న్యాయస్థానంలో చేసిన వాదంలో ఉదాహరణగా నిలిచింది. శత్రువు ఏథెన్సు మీదికి వచ్చినపుడు రాజకుమార్తెను బలి ఇస్తేనే నగరం గెలుస్తుందని దైవవాక్యం. కొడుకులుంటే యుద్ధానికి పంపనా, కూతురిని పంపడంలో తేడా ఏమున్నదని తల్లి తర్కిస్తుంది. బిడ్డలను కనడమే దేశాన్నీ దేవతల వేదికలనూ కాపాడటానికని అంటుంది. ఆపత్కాలంలో నగరాన్ని విడిచి పారిపోయాడన్న ఆరోపణ మీద ఒక పౌరుణ్ణి నిందించడానికి లైకర్గస్ ఈ ప్రసంగాన్ని వాడుకున్నాడు. రంగస్థలం మీది తల్లి మాట న్యాయస్థానంలో పౌరధర్మానికి ప్రమాణమైంది. మరణించిన ఆ కుమార్తెలకు నగరం పూజలు ఏర్పాటు చేసినట్లు నాటకాంతంలో ఉంది. నగరం ప్రాణం తీసుకుంది, బదులుగా దైవత్వం ఇచ్చింది.

గ్రీకు నాటకకర్తలందరూ ఈ లెక్కను ఒప్పుకున్నారనుకోవడం మాత్రం పొరపాటు. క్రీ.పూ. 458లో ప్రదర్శితమైన ఈస్కిలస్ 'అగమెమ్నాన్'లో, ట్రాయ్ మీదికి నౌకలు కదలడానికి గాలి అనుకూలించాలని తండ్రి ఇఫిజెనియాను బలి ఇచ్చిన ఉదంతాన్ని వృద్ధుల బృందం స్మరిస్తుంది. ఆమె నోట శాపం వెలువడి ఇంటికి తగులుతుందన్న భయంతో నోరు కట్టివేయించాడని అక్కడ ఉంది. నోరు కట్టిన చోట అంగీకారం ప్రసక్తే లేదు. ఆ నాటకంలో తల్లి క్లైటెమ్నెస్ట్రా కుమార్తె మరణాన్ని మరవదు. యుద్ధం గెలిచి వచ్చిన భర్తను హతమారుస్తుంది. నగరం కొట్టివేసిన బాకీని ఇల్లు తిరిగి వసూలు చేస్తుంది.

సుమారు అర్ధశతాబ్దం తరువాత యురిపిడీస్ అదే కథను 'ఆలిస్‌లో ఇఫిజెనియా'గా రాశాడు. అకిలీస్‌తో వివాహమని చెప్పి కుమార్తెను రప్పిస్తారు. పెళ్లికి బయలుదేరినది బలికి చేరుతుంది. నిజం తెలిసిన పిమ్మట ఆమె తండ్రి కాళ్లు పట్టుకొని ప్రాణభిక్ష అడుగుతుంది. కొంతసేపటికి ఆమెయే మనసు మార్చుకొని, హెల్లాసు దేశం కోసం చనిపోతానంటుంది. అరిస్టాటిల్ కావ్యశాస్త్రంలో ఈ పాత్రను అసంగతమైన పాత్రకు ఉదాహరణగా చూపాడు. ప్రాణం కోసం ప్రాధేయపడిన ఇఫిజెనియాకు, తరువాతి ఇఫిజెనియాకు పోలిక లేదని ఆయన ఆక్షేపణ.

ఈ ఆక్షేపణ పాత్రపోషణకు సంబంధించినదే అయినా దానిలో ఒక పెద్ద సూచన ఉంది. బలిని త్యాగంగా మార్చాలంటే బలి అయ్యే మనిషి సమ్మతి కావాలి. ఆ సమ్మతి కథలో సహజంగా పుట్టదు. నాటకకర్త దానిని తెచ్చి పెట్టవలసి వస్తుంది. తెచ్చి పెట్టిన చోట అతుకు కనబడుతుంది. సైన్యం చుట్టూ మోహరించి ఉండగా, తండ్రి నిర్ణయం అయిపోయాక, ఒక బాలిక 'సరే' అనడాన్ని స్వేచ్ఛ అనవచ్చునా అన్న సందేహాన్ని యురిపిడీస్ ఉద్దేశించే మిగిల్చి ఉండవచ్చు. అలా చూస్తే అరిస్టాటిల్ దోషమన్నదే ఆ నాటకానికి బలం.

4. యూదు సంప్రదాయం: మొక్కు, విలాపం

బైబిలు న్యాయాధిపతుల గ్రంథం పదకొండవ అధ్యాయంలోని యెఫ్తా కథ పైకి వీటిని పోలినదే. అమ్మోనీయుల మీద యుద్ధానికి పోతూ యెఫ్తా, విజయంతో తిరిగి వచ్చినపుడు తన ఇంటి ద్వారం నుంచి ఎదురు వచ్చేదాన్ని దహనబలిగా అర్పిస్తానని మొక్కుకుంటాడు. ఎదురు వచ్చింది అతని ఒక్కగానొక్క కూతురు, తంబురలతో, నాట్యంతో. తండ్రి బట్టలు చింపుకుంటాడు. ఆమె మొక్కు చెల్లించమనే అంటుంది. కాని రెండు నెలల గడువు అడిగి, చెలికత్తెలతో కొండలకు పోయి తన కన్యాత్వాన్ని గూర్చి విలపిస్తుంది. తరువాత ఏటా నాలుగు రోజులు ఇశ్రాయేలు ఆడపిల్లలు ఆమెను స్మరించడం ఆచారమైందని కథ ముగుస్తుంది.

పోలికలున్నా, ఇక్కడ కథ భారం వేరుచోట ఉంది. నగరం కోరలేదు, దైవవాక్యం అడగలేదు. తండ్రి నోటి తొందర వల్లనే ఆపద వచ్చింది. విజయం సంగతిని కథ క్లుప్తంగా దాటి, కూతురు ఎదురు వచ్చిన క్షణం దగ్గర, ఆమె అడిగిన గడువు దగ్గర ఆగుతుంది. ఆమెకు గుడి కట్టలేదు, దైవత్వం ఇవ్వలేదు. ఏడుపు మాత్రమే ఆచారంగా నిలిచింది, అదీ ఆడపిల్లల చేతుల్లో. కొల్లేటి కన్యవలెనే ఈమెకూ పేరు లేదు.

తరువాతి రబ్బీల వ్యాఖ్యానాలు ఈ కథను మరింత కఠినంగా చదివాయి. ఆ మొక్కును రద్దుచేసే మార్గం ధర్మశాస్త్రంలో ఉన్నదని, తాను నాయకుణ్ణన్న అహంతో యెఫ్తా ప్రధానయాజకుడైన ఫీనెహాసు దగ్గరకు పోలేదని, యాజకుడు తన గౌరవం చూసుకొని యెఫ్తా దగ్గరకు రాలేదని, ఇద్దరి పంతం మధ్య బాలిక ప్రాణం పోయిందని, అందుకు ఇద్దరూ శిక్ష అనుభవించారని మిద్రాషు చెబుతుంది. ఆ వ్యాఖ్యాతలు బాలిక అంగీకారాన్ని పట్టుకొని తండ్రిని నిర్దోషిగా చేయలేదు. ఆదికాండములో అబ్రాహాము కత్తి ఎత్తినపుడు దేవదూత ఆపాడు, ఇస్సాకుకు బదులు పొట్టేలు దొరికింది. ఆ కథను సైతం కొందరు వ్యాఖ్యాతలు తల్లి శారా మరణంతో ముడిపెట్టి చెప్పారు. బిడ్డ బతికినా, వార్త విన్న తల్లి ప్రాణం నిలవలేదు.

దీనికి ప్రత్యుదాహరణ లేకపోలేదు. క్రీ.పూ. రెండవ శతాబ్దిలో నాల్గవ అంటియోకసు గ్రీకు ఆచారాలను బలవంతంగా రుద్దిన కాలాన్ని వర్ణించే రెండవ మక్కబీయుల గ్రంథంలో ఒక తల్లి తన ఏడుగురు కొడుకులను ధర్మశాస్త్రం కోసం చావుకు సిద్ధం చేస్తుంది. ప్రాక్సితియాకు సోదరి వలె కనిపించే తల్లి ఈమె. తేడా ఏమంటే, ఇక్కడ చంపేది పరాయి రాజు; చనిపోయే కొడుకుల్లో ఒక్కొక్కరూ స్వయంగా మాట్లాడి, తిరస్కరించి చనిపోతారు. నిర్ణయం మరణించేవారిదే. కనుక గ్రీకు పక్షం నగరం, యూదు పక్షం కుటుంబం అన్న స్థూలవిభజన కంటే, నిర్ణయం ఎవరిది, శోకం ఎవరిది అన్న ప్రశ్నలే కథల స్వభావాన్ని మెరుగుగా పట్టిస్తాయి.

5. 'పేరంటాలు' అన్న మాట

ఈ ప్రశ్నలతో కొల్లేటికి తిరిగి వస్తే, నిర్ణయం తండ్రిదేనని ఐతిహ్యం దాచకుండా చెబుతున్నది. కుమార్తె నోట ఒక్క మాట లేదు. ఆమె ఒప్పుకున్నదని గాని, ఏడ్చిందని గాని కథ కల్పించలేదు. ప్రాక్సితియా వంటి తల్లి లేదు, క్లైటెమ్నెస్ట్రా వంటి తల్లీ లేదు. ఈ మౌనాన్ని కథ లోపంగా భావించనక్కరలేదు. అంగీకారం అనే అతుకు వేయకుండా, జరిగినది బలి అనే కథ ఒప్పుకుంటున్నది.

శోకం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు ఆమె పేరులో ఉంది. పేరంటం స్త్రీలు స్త్రీలను పిలుచుకొనే శుభకార్యం. పసుపు, కుంకుమ, తాంబూలం అందుకొనే ముత్తైదువ పేరంటాలు. అదే మాట అకాలమరణం పొంది గ్రామంలో పూజలందుకొనే స్త్రీకి కూడా చెల్లుతుంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పేరంటాలు ఇందుకు ప్రసిద్ధోదాహరణ. కష్టపడి చనిపోయిన స్త్రీని తెలుగు గ్రామం 'వీరురాలు' అనో 'దేశభక్తురాలు' అనో పిలవలేదు. తమ ఇంటి పేరంటానికి రావలసిన మనిషిగా పిలిచింది.

వివాహం విషయంలో ఈ కథలను దగ్గరగా పెట్టి చూడాలి. ఇఫిజెనియాను పెళ్లి పేరు చెప్పి రప్పించారు. యెఫ్తా కుమార్తె పెళ్లి కాకుండా పోతున్నందుకు ఏడ్చింది. కొల్లేటి కన్య వివాహం గురించి ఐతిహ్యం ఏమీ చెప్పదు; తండ్రి అధీనంలోని కూతురిగానే ఆమె కనిపిస్తుంది. అయినా జనం ఆమెకు ముత్తైదువ పేరు పెట్టారు. బతికి ఉంటే దక్కవలసిన పసుపుకుంకుమలను చనిపోయాక పేరు రూపంలో ఇచ్చారు. ఇది ఏథెన్సు ఇచ్చిన పౌరగౌరవం కాదు. ఇశ్రాయేలు కన్యల విలాపం కూడా కాదు. బాకీ పడినవారు కాని, బాకీ తీరదని తెలిసినవారు కాని చేసే మర్యాద వంటిది.

మనకు చిరపరిచితమైన చిరుతొండనంబి కథతో దీన్ని పోల్చవచ్చు. బసవపురాణంలోను, శ్రీనాథుని హరవిలాసంలోను కనిపించే ఆ కథలో భక్తుడు జంగమరూపుడైన శివుని కోసం కన్నకొడుకును వండి వడ్డిస్తాడు. శివుడు ప్రసన్నుడై బిడ్డను తిరిగి ఇస్తాడు. పరీక్ష ముగిసింది కనుక శోకానికి తావు లేదు. కొల్లేటిలో ఏ దేవుడూ బిడ్డను తిరిగి ఇవ్వలేదు. పొట్టేలు రాలేదు, లేడి రాలేదు. మిగిలింది నీటికి పెట్టిన పేరు ఒక్కటే.

6. మెట్టసీమ కథ

కొల్లేరు పల్లపుసీమ. అదే ఏలూరు ప్రాంతంలో జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు సాగితే మెట్టసీమ అడవిలో కలుస్తుంది; కోయగూడేలు మొదలవుతాయి. గోదావరికి ఇరువైపుల కోయలకు పూజనీయమైన సమ్మక్క, సారలమ్మల కథ కొల్లేటి కథకు మరో చివర నిలుస్తుంది. కరవు వల్ల కప్పం కట్టలేమన్న మేడారం కోయల మీదికి కాకతీయసేన వచ్చింది. పగిడిద్దరాజు, నాగులమ్మ, సారలమ్మ పోరాడి చనిపోయారు. జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడు. అది జంపన్న వాగైంది. సమ్మక్క చిలకలగుట్ట వైపు పోయి అదృశ్యమైంది, కుంకుమభరిణ మిగిలింది.

ఇక్కడా మరణించినవారి పేరు నీటికి నిలిచింది, ఇక్కడా కుంకుమ ఉంది. కాని ఈ కథలో కుటుంబానికి, సమష్టికి వైరుధ్యం లేదు. తల్లీ తండ్రీ బిడ్డలూ ఒక్కపక్షమే. కూతురిని ముందుకు తోసి వెనుక నిలబడిన తండ్రి లేడు. అందుకే మేడారం కథలో ప్రతి ఒక్కరికీ సొంతపేరు ఉంది. కొల్లేటి కన్యకు లేదు. స్వయంగా నిర్ణయించుకొని చనిపోయినవారిని సమాజం పేరుతో గుర్తుపెట్టుకుంది. ఇతరుల నిర్ణయానికి చనిపోయినదాన్ని స్థితితో గుర్తుపెట్టుకుంది. ఈ రెండు కథల మేరకు ఇది నిలిచే పరిశీలన. అన్ని గ్రామదేవతల కథలకూ దీన్ని సూత్రంగా చెప్పడం సాహసం.

7. 'ముసలమ్మ మరణము' – విమర్శలో త్యాగం

ఆధునిక తెలుగు కావ్యంలో ఈ ఇతివృత్తానికి ప్రతినిధి కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము'. మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా ఆయన రచించిన ఈ కావ్యానికి మూలం అనంతపురం ప్రాంతపు స్థానికచరిత్ర. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోగా, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తేనే కట్ట నిలుస్తుందని దైవవాక్యం వినిపిస్తుంది. ఆమె ఇంటివారి దగ్గర సెలవు తీసుకొని గండిలో దిగుతుంది. విషాదాంతకావ్యంగా, నవ్యకవిత్వానికి తొలిమెట్టుగా దీన్ని విమర్శకులు గౌరవించారు. ముసలమ్మ త్యాగమూర్తి అన్నది స్థిరపడిన మాట.

గ్రీకు కథల వెలుగులో చూస్తే ముసలమ్మ రెండవ ఇఫిజెనియా: అంగీకరించినది. ఊరు మునగకుండా కాపాడాలన్న ఆమె ఔదార్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే దైవవాక్యం పెద్దమనుషుల్లో ఎవరినీ కాక ఇంటి చిన్నకోడలినే ఎందుకు ఎంచింది? ఊరంతా విన్న తరువాత 'కాదు' అనే అవకాశం ఆమెకు ఉన్నదా? కన్నడ జానపదగీతం 'కెరెగె హార'లోనూ చెరువులో నీరు పడటానికి బలి అయినది చిన్నకోడలు భాగీరథే. అక్కడ విషయం ఆమెకు ఎవరూ నేరుగా చెప్పనైనా చెప్పరు. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన భర్త సంగతి తెలుసుకొని అదే చెరువులో ప్రాణం విడుస్తాడు. చెరువు నిండింది గాని ఇల్లు నిలవలేదు. పేరెరుగని జానపదులు వేసిన ఈ ప్రశ్నను మన కావ్యవిమర్శ తగినంతగా వేయలేదనే చెప్పాలి.

'త్యాగం' అన్న మాటకు కర్త కావాలి. తనది తాను విడిచినవాడే త్యాగి. 'బలి'లో ఇచ్చేవాడు ఒకడు, పోయేది మరొకరు. ఒకరి చర్యకు మరొకరిని కర్తగా చూపితే వ్యాకరణంలోనే దోషం. కథలో అది నైతికదోషం కూడా. సేనాని చేసినది త్యాగమని కొందరు అనవచ్చు, కన్నబిడ్డను వదులుకున్నాడు కనుక. ఆ మాట చెల్లాలంటే బిడ్డ అతని సొత్తు కావాలి. ప్రాక్సితియా తర్కమంతా ఈ ఊహ మీదనే నిలిచింది. రబ్బీలు యెఫ్తాను తప్పుపట్టడంలో కాదన్నది దీనినే.

8. ఉపసంహారం

ఈ చర్చ పాతకథలకే పరిమితమైనది కాదు. నీటిదారులకు, కట్టలకు మనిషి చెల్లించే మూల్యం గోదావరి తీరాన నేటికీ ఎదుట ఉంది. పోలవరం ముంపుగ్రామాలనుంచి కదిలినవారికోసం జంగారెడ్డిగూడెం పరిసరాల్లో పునరావాస కాలనీలు వెలిశాయి. వారిలో కోయలు అనేకులు. సభల్లో, రచనల్లో వారి స్థితిని 'త్యాగం' అనడం అలవాటుగా మారింది. ఆనకట్ట ప్రయోజనం వేరే చర్చ. సాహిత్యవిమర్శ ఇక్కడ చేయగలిగినది మాటను సరిచూడటం: ఊరిని విడిచినవారు విడిచారా, విడిపించబడ్డారా అన్నది తేల్చకుండా 'త్యాగం' అన్న మాట వాడితే, నోరు కట్టివేసిన ఇఫిజెనియాకు అంగీకారప్రసంగం రాసి ఇచ్చినట్లే.

ఏథెన్సు కన్య మరణాన్ని నగరకీర్తిగా మార్చుకుంది. అయినా దాని నాటకకర్తలే ఆ మార్పును శంకించారు. యూదు సంప్రదాయం విలాపాన్ని నిలుపుకొని తండ్రిని నిలదీసింది. అయినా కన్య పేరును నిలుపుకోలేదు. కొల్లేటి జనం కీర్తించలేదు, నిలదీయలేదు. గెలిచినవారి పేరును గాని ఓడినవారి పేరును గాని కాలువకు పెట్టక, పోయిన పిల్లను పేరంటాలన్నారు. ఆ పిలుపులో ఆదరం ఉంది, తండ్రిపట్ల మౌనమూ ఉంది. ఆదరాన్ని స్వీకరించి, ఆ మౌనాన్ని ప్రశ్నగా మార్చడం విమర్శకుని పని. ఉప్పుటేరుకు పేరంటాల కనమ అన్న రెండవ పేరు ఉన్నంతకాలం ఆ ప్రశ్న అడగడానికి ఆధారం ఉంటుంది.